జీనియోప్లాస్టీ: "ఎన్ని ఎం.ఎం.?" అని అడిగే ముందు – బెంగళూరు తెలుగువాళ్ల చర్చ

కోరపన్ను · సోమవారం, ఉదయం 9:10

బెంగళూరు నుంచి గడ్డం సర్జరీ మీద ఇక్కడికి వచ్చే ప్రశ్నలన్నీ ఒకే చోట మొదలవుతున్నాయి: "డాక్టరు గారు 6 ఎం.ఎం. అన్నారు, 8 చేయించుకోవచ్చా?" అది నిజానికి మూడో ప్రశ్న. ముందు రెండు తేలకుండా దానికి జవాబు చెప్పకూడదు. అందుకే ఈ థ్రెడ్. తెలిసినవాళ్లు ఎవరికి పట్టున్న భాగం వాళ్లు రాయండి. గడ్డం అంటే ఇక్కడ చుబుకం ఎముక అని గుర్తుంచుకోండి. జీనియోప్లాస్టీ అంటే ఆ ఎముక కొసను కోసి, జరిపి, బిగించే సర్జరీ.

మొదటి ప్రశ్న పళ్ల కాటు. గడ్డం వెనక్కి ఉన్నట్టు కనబడడానికి రెండు వేరువేరు కారణాలుంటాయి. దవడ ఉండాల్సిన చోటే ఉండి, కొస మాత్రమే పొట్టిగా ఉండడం ఒకటి. కింది దవడ మొత్తం వెనకబడి ఉండడం ఇంకొకటి. రెండోదాంట్లో పై ముందుపళ్లు కింది పళ్ల కంటే 6, 7 మి.మీ. ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి (మామూలుగా 2, 3 మి.మీ. ఉంటుంది). జీనియోప్లాస్టీ మొదటిదానికి పనికొస్తుంది. అది పళ్లను వెంట్రుకవాసి కూడా కదపదు. రెండోదానికి అసలు వైద్యం కింది దవడను రెండు వైపులా నిలువునా చీల్చి ముందుకు జరపడం. దాన్ని బీఎస్ఎస్ఓ అంటారు. చాలామందికి దానికి ముందు క్లిప్పులు పెట్టి ఏడాది, ఏడాదిన్నర పళ్లు సర్దాలి.

క్లిప్పులు ఎందుకులే అని రెండోవాళ్లకి గడ్డం కొస మాత్రం ముందుకు తెస్తే ఏమవుతుంది? కింది పెదవి ఉన్నచోటే ఉండిపోతుంది, గడ్డం ముందుకొస్తుంది. ఆ రెంటి మధ్య గుంట లోతుగా పడుతుంది. పక్కనుంచి చూస్తే గడ్డం విడిగా అతికించినట్టుంటుంది. మి.మీ. ఎంత సరిగ్గా లెక్కేసినా ఆ గుంట పోదు.

రెండో ప్రశ్న ఎత్తు. ముక్కు అడుగు నుంచి పెదవులు కలిసే గీత దాకా ఒక వంతు, అక్కణ్నుంచి గడ్డం అడుగు దాకా రెండు వంతులు ఉంటే కింది భాగం తూకంగా ఉన్నట్టు. పైది 21 మి.మీ. అయితే కిందిది 42 దగ్గర ఉండాలి. 48 ఉందనుకోండి, ముందుకు తేవడంతో పాటు ఎత్తు కూడా తగ్గించాలి. 37 ఉందనుకోండి, ఎత్తు పెంచాలి. "గడ్డం చిన్నగా ఉంది" అనే మాట ఒకటే. లోపల చేసే కోతలు మాత్రం మూడు రకాలు.

సెఫలో_గీత · సోమవారం, ఉదయం 10:02

కోరపన్ను గారు చెప్పిన కొలతలు ఎక్కడ తీసుకోవాలో నేను రాస్తాను. ఫోన్ సెల్ఫీలో మాత్రం వద్దు. మూరెడు దూరం నుంచి తీసిన ఫోటోలో దగ్గరగా ఉన్న ముక్కు ఉబ్బి కనిపిస్తుంది, గడ్డం, చెవులు వెనక్కి పోతాయి. ఆ ఫోటో పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్తే లేని లోపానికి వైద్యం అడిగినట్టే. ఇంకొకరి చేత 1.5 మీటర్ల దూరం నుంచి, కెమెరా ముఖం ఎత్తులోనే పెట్టి, జూమ్ చేసి తీయించండి.

అసలు పని లేటరల్ సెఫలోగ్రామ్‌ది, అంటే పక్కవాటంగా తీసే తల ఎక్స్‌రే. తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. తల సహజంగా నిలబెట్టాలి, దూరాన ఉన్న అద్దంలో తన కళ్లలోకి తాను చూసుకుంటున్నట్టు. వెనక పళ్లు మామూలుగా కలిసి ఉండాలి. పెదవులు వదులుగా ఉండాలి. మూడోదే అందరూ తప్పేది. "నోరు మూయండి" అని టెక్నీషియన్ అనగానే పెదవులు బిగిస్తారు. బిగించగానే గడ్డం కండరం ముద్దకట్టి నారింజ తొక్కలా గుంటలు పడుతుంది, మెత్తటి భాగం మందం మారిపోతుంది. ఆ ఫిల్మ్ మీద వేసిన గీతలన్నీ తప్పే. పెదవులు వదిలేస్తే మధ్యలో సందు కనిపిస్తే దాన్ని అలాగే రానివ్వాలి. ఆ సందు కూడా రోగ నిర్ధారణలో భాగమే.

కోణాల విషయానికొస్తే, ఎస్ఎన్‌బీ (పుర్రె అడుగుతో పోలిస్తే కింది దవడ ఎంత ముందుందో చెప్పే కోణం) సుమారు 80 డిగ్రీలు, ఏఎన్‌బీ (పై, కింది దవడల మధ్య ముందువెనకల తేడా) 2 డిగ్రీలు మామూలు. ఏఎన్‌బీ 6, 7 చూపిస్తుంటే సమస్య గడ్డం కొసది కాదు, దవడలదే. అప్పుడు ముందు ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులతో పళ్లు సర్దే డాక్టరు) దగ్గరికి.

ఇంకొకటి. ముక్కు కొస నుంచి గడ్డానికి గీసే ఈ-లైన్ చూపించి "మీ పెదవులు గీత దాటాయి, కాబట్టి గడ్డం 9 మి.మీ. తేవాలి" అని చెబితే ఒప్పుకోకండి. ఆ గీతకి పుస్తకాల్లో ఉన్న కొలతలు తెల్లవాళ్ల ముఖాల మీద కట్టినవి. మన దక్షిణాదివాళ్ల పెదవులు సహజంగానే కాస్త ముందుకుంటాయి. ఆ గీతకి సరిపెట్టాలని గడ్డాన్ని లాగితే మన ముఖానికి పెద్ద గడ్డం వచ్చి కూర్చుంటుంది.

మారతహళ్లి_మిత్ర · సోమవారం, మధ్యాహ్నం 1:25

ఇంత ఎందుకండీ? ఇంప్లాంట్ (గడ్డం ఎముక మీద పెట్టే కృత్రిమ దిమ్మ) అయితే గంటలో పని, ఎముక కోయక్కర్లేదు అంటున్నారు కదా. ఇంకా తేలిగ్గా ఫిల్లర్ (సూదితో ఎక్కించే జెల్) ఉంది. మా వైట్‌ఫీల్డ్ రోడ్డంతా ఆ బోర్డులే. ఎముక కోత ఎవరికి అవసరం?

కోరపన్ను · సోమవారం, మధ్యాహ్నం 2:40

మంచి ప్రశ్న మిత్ర గారూ. ఇంప్లాంట్‌ను తీసిపారేయను. కాటు సరిగ్గా ఉండి, ఎత్తు సరిగ్గా ఉండి, ముందుకు 4, 5 మి.మీ. చాలు అనుకున్నవాళ్లకి అది న్యాయమైన దారే. సిలికాన్ గానీ, చిన్న రంధ్రాలుండే పాలిథిలీన్ గానీ వాడతారు. కానీ అది చేయగలిగింది ప్రధానంగా ముందుకు నింపడం. ఎత్తు తగ్గించలేదు. వంకరగా ఉన్న గడ్డాన్ని మధ్యకి తేలేదు. పెదవులు మూయడానికి కండరం పడే కష్టాన్ని తీర్చలేదు.

చెడేది ఎక్కడంటే, పెట్టే చోటు. ఇంప్లాంట్ దవడ అడుగు అంచు మీద, గట్టి ఎముక మీద కూర్చోవాలి. నాలుగైదు మి.మీ. పైకి జరిగితే పళ్ల వేళ్ల ముందుండే పలచటి ఎముక మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల మీద ఎముక అరిగి గుంట పడుతుంది. పైకి ఎందుకు జరుగుతుందంటే లోపల చేసిన జేబు వెడల్పు ఎక్కువై, స్క్రూ వేయకపోవడం వల్ల. ఇక ఇన్‌ఫెక్షన్ వస్తే మందులతో లొంగడం కష్టం, చాలాసార్లు తీసేయాల్సిందే. పాలిథిలీన్ రంధ్రాల్లోకి కండ పెరిగి ఉంటుంది కాబట్టి తీయడం సిలికాన్ తీసినంత సులువు కాదు.

ఎముక కోతలో ముందుకొచ్చేది సొంత ఎముకే. అతుక్కున్నాక అది జరగదు. ప్లేటుకు ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎముక అతికాక ప్లేటు తీసేయొచ్చు. గడ్డం ఉన్నచోటే ఉంటుంది.

ఫిల్లర్ గురించి రెండు ముక్కలు. హయలురానిక్ ఫిల్లర్ ఏడాది, ఏడాదిన్నరకి కరుగుతుంది. ఎలా ఉంటుందో చూసుకోవడానికి పనికొస్తుంది. ప్రమాదం రక్తనాళంలోకి వెళ్లడం. వెంటనే చర్మం తెల్లబడి, నొప్పి పుడుతుంది, తర్వాత వలలాంటి నీలపు గీతలు వస్తాయి. అప్పుడు హయలురానిడేస్ అనే విరుగుడు ఇంజెక్షన్ అక్కడే, ఆ గదిలోనే ఉండాలి. "మీ దగ్గర ఉందా, చూపిస్తారా" అని ముందే అడగండి. లేదంటే లేచి రండి.

ఎముకపని · సోమవారం, రాత్రి 8:50

కోత గురించి నేను రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

బయట మచ్చ పడుతుందా అని చాలామంది అడుగుతారు. 1942లో హోఫర్ ఈ కోతను వర్ణించినప్పుడు దారి బయటి చర్మం నుంచే. 1957లో ట్రౌనర్, ఓబ్వెగెసర్ నోటి లోపలి నుంచి చేసే పద్ధతి ఇచ్చారు. ఇప్పుడు అంతటా అదే. కింది పెదవిని ముందుకు లాగి, లోపలి తడి చర్మం మీద కోరపన్ను నుంచి కోరపన్ను దాకా కోస్తారు. పంటి చిగురు మొదట్లో కాదు, దానికి సుమారు 1 సెం.మీ. పెదవి వైపు. చిగురు అంచునే కోస్తే మూసేటప్పుడు కుట్టు పట్టుకోవడానికి కండ మిగలదు, తర్వాత చిగురు కిందికి దిగుతుంది.

ఆ తర్వాత గడ్డం కండరాన్ని, మెంటాలిస్ అంటారు, ఏటవాలుగా కోసి, ఎముక వైపు కొంత తుంపు వదిలేస్తారు. ఈ తుంపు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఎముక కనబడ్డాక రెండు పక్కలా మెంటల్ నరం బయటికొచ్చే రంధ్రాలు వెతుకుతారు. సాధారణంగా కోరపన్ను వెనకుండే రెండు చిన్న దవడ పళ్ల వేళ్ల కింద ఉంటాయి. ఇక్కడే తెలియనివాళ్లు తప్పేది: నరం రంధ్రం దాకా నేరుగా రాదు. ఎముక లోపల రంధ్రం కంటే కిందికి దిగి, కొందరిలో ముందుకు కూడా వెళ్లి, మలుపు తిరిగి పైకొస్తుంది. కాబట్టి రంపం రంధ్రానికి 5, 6 మి.మీ. కింద నడవాలి. మధ్యలో కోరపన్ను వేరు కొసకి కూడా 5 మి.మీ. ఎడం ఉండాలి. కింది పళ్లలో అన్నిటికంటే పొడుగు వేరు దానిదే. సీబీసీటీ (దవడలకి తీసే 3డీ ఎక్స్‌రే) స్కాన్ తీస్తే ఈ రెండు దూరాలూ ముందే కొలిచి పెట్టుకోవచ్చు.

రంపం పెట్టే ముందు సన్నటి బర్‌తో ఎముక మీద మూడు నిలువు గీతలు గీస్తారు, మధ్యలో ఒకటి, పక్కల రెండు. కోత అడ్డంగా వెళ్తుంది కాబట్టి ప్రతి గీతా పైముక్క మీద సగం, కిందిముక్క మీద సగం ఉంటుంది. ముక్క కదిలాక ఆ సగాలు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయా లేదా అన్నదే వంకర రాకుండా చూసుకునే సాధనం. ముఖం మీద గుడ్డలు కప్పి, ముక్కులో మత్తు గొట్టం ఉన్నప్పుడు కంటి అంచనా నమ్మడానికి లేదు.

కోతను వెనక మొదటి పెద్ద దవడ పన్ను కిందిదాకా తీసుకెళ్లి అడుగు అంచులో కలపాలి. రంపం లోపలి వైపు ఎముక పొరను కూడా పూర్తిగా దాటాలి. సగం కోసి ఉలితో విరిస్తే అనుకోని చోట పగులుతుంది. దాటేటప్పుడు గడ్డం కింద బయటినుంచి వేలు పెట్టి ఉంచుతారు, ఎక్కువ లోతుకెళ్తే నోటి అడుగున రక్తనాళాలున్నాయి.

కిందిముక్క పూర్తిగా విడిపోదు. దాని వెనకా అడుగునా కండరాలు అంటుకునే ఉంటాయి. వాటినుంచే ఆ ముక్కకి రక్తం అందుతుంది. బాగా కనబడాలని వాటిని కూడా గీకేస్తే ఆ ముక్క ప్రాణం లేని ఎముక అవుతుంది, కొన్నాళ్లకి కరిగి చిన్నదైపోతుంది.

చివరికి ముందే మెట్టులా వంచి ఉన్న టైటానియం ప్లేటు పెడతారు, మెట్టు 4, 6, 8, 10 మి.మీ. ఇలా దొరుకుతుంది. పైన రెండు, కింద రెండు స్క్రూలు, 2 మి.మీ. మందం. పై స్క్రూలు పొట్టివి, పళ్ల వేళ్లు తప్పించాలి కాబట్టి.

సెఫలో_గీత · సోమవారం, రాత్రి 9:30

ఎముకపని గారూ, కోత వాలు గురించి రాయలేదు. నా లెక్కలో అదే అసలు సంగతి.

ఎముకపని · సోమవారం, రాత్రి 10:05

రాస్తాను. పక్కనుంచి చూడండి. కోత ముందు ఎత్తుగా, వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటుంది. కిందిముక్కను ఆ వాలు మీదుగానే ముందుకు తోస్తాం. అంటే ముందుకొస్తూ పైకి ఎక్కుతుంది. బల్లకి ఒక వైపు ఇటుక పెట్టి పుస్తకాన్ని ఎత్తు వైపుకు తోసినట్టు.

లెక్క చూడండి. వాలు 20 డిగ్రీలు, ముందుకు 8 మి.మీ. అయితే ఎత్తు దాదాపు 3 మి.మీ. తగ్గిపోతుంది. అదే 8 మి.మీ. 10 డిగ్రీల వాలులో అయితే ఒకటిన్నర మి.మీ. కంటే తక్కువే. ఎత్తు ముందే తక్కువగా ఉన్నవాళ్లకి 20 డిగ్రీల్లో కోస్తే ముఖం ఇంకా పొట్టిబడుతుంది, పెదవి కింద గుంట ఇంకా లోతవుతుంది. ఎత్తు ఎక్కువ ఉన్నవాళ్లకి అదే వాలు వరం, ఒక్క కోతతో రెండు పనులు. కాబట్టి సర్జన్‌ని "ఎన్ని ఎం.ఎం.?" అని కాదు, "ఎంత వాలులో కోస్తారు, ఎత్తు ఎంత మారుతుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకి కాగితం మీద గీసి చూపించేవాళ్లు ఎక్స్‌రే మీద ప్లాన్ వేసుకున్నవాళ్లు.

ఎత్తు బాగా తగ్గించాలంటే రెండు సమాంతర కోతలు వేసి మధ్య పట్టీ తీసేస్తారు. కింది కోత ముందు, పైకోత తర్వాత. పైది ముందు కోస్తే ముక్క ఊగుతుంది, రెండోది తిన్నగా రాదు. ఎత్తు పెంచాలంటే ముక్కను కిందికి దించి, ఆ సందులో ఎముక ముక్క గానీ హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజం లాంటి పదార్థం) దిమ్మ గానీ పెడతారు.

ముందుకు ఎంత దాకా తేవచ్చు అన్నదానికి గడ్డం దగ్గర ఎముక మందమే హద్దు. కిందిముక్క వెనక అంచు, పైముక్క ముందు అంచుకి తగులుతూ ఉండాలి. అందుకే 10 మి.మీ. దాటితే చాలామందికి ఎముక ఎముకని ఆనదు. చర్మం కూడా ఎముకతో సమానంగా రాదు. ముందుకు తెస్తే పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు వస్తుంది. వెనక్కి తోస్తే సగం చుట్టుపక్కలే. పెద్ద గడ్డాన్ని తగ్గించడం చిన్నదాన్ని పెంచడం కంటే కష్టం అనేది అందుకే.

జయనగర్_జాబు · మంగళవారం, ఉదయం 7:45

తిమ్మిరి గురించి చెప్పండి దయచేసి. పెదవి ఎప్పటికీ మొద్దుబారిపోతుందని ఒకచోట చదివితే, అసలు ఏం కాదని క్లినిక్‌లో అంటున్నారు. ఏది నిజం?

ఎముకపని · మంగళవారం, ఉదయం 8:30

రెండూ కాదండీ. నరాన్ని కోయకపోయినా పక్కకి లాగి పట్టుకుంటారు, ఆ లాగుడుకే మొదట్లో మొద్దుబారుతుంది. చాలామందికి వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు, చిన్న షాక్ కొట్టినట్టు ఉంటుంది, అది మంచి గుర్తే. కొందరికి కొంత భాగంలో ఎప్పటికీ తక్కువగానే ఉండిపోతుంది. "అసలు ఏం కాదు" అని చెప్పినవాళ్లు నిజం చెప్పలేదు. బీఎస్ఎస్ఓ కూడా కలిపి చేస్తే అవకాశం ఇంకా ఎక్కువ.

తిమ్మిరి ఉంటే పెదవి పడిపోదు, అది గమనించండి. మెంటల్ నరం స్పర్శకి మాత్రమే. కదలిక ఇచ్చే నరం వేరు. కింది ముందుపళ్లు కూడా కొన్నాళ్లు చెక్కపళ్లలా అనిపించవచ్చు, వాటికి వెళ్లే సన్నని కొమ్మలు కోత దారిలోనే ఉంటాయి.

సర్జరీకి ముందే దూదిపోగుతో, మొద్దు సూదితో పెదవి మీద స్పర్శ పరీక్షించి కేస్ షీట్‌లో రాయించండి. తర్వాత ఎంత తిరిగొచ్చిందో పోల్చడానికి వేరే ఆధారం ఉండదు.

కోరపన్ను · మంగళవారం, ఉదయం 9:15

ఇక ఆ తుంపు సంగతి. ఈ సర్జరీలో జనం అసలు అడగని భాగం ఇదే, నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకునేదీ ఇదే.

మెంటాలిస్ కండరం కింది ముందుపళ్ల వేళ్ల కింద ఎముకని పట్టుకుని, గడ్డం చర్మంలో దిగుతుంది. గడ్డం చర్మాన్నీ కింది పెదవినీ ఎత్తి పట్టేది అదే. ఎముక చేరడానికి దాన్ని కోయక తప్పదు. పని అయ్యాక మళ్లీ దాని చోట, అదే ఎత్తులో కుట్టాలి. వదిలిన తుంపు ఉంటే కండరానికి కండరం కుట్టొచ్చు. తుంపు లేకపోతే ఎముకలో చిన్న రంధ్రం వేసో, ప్లేటుకో కట్టాలి. ముందు కండరం, 3-0 మందం కరిగే దారంతో రెండు మూడు గట్టి కుట్లు. ఆ తర్వాతే లోపలి చర్మం, ఇంకా సన్నటి 4-0తో.

ఆలస్యమైందని పై పొర ఒక్కటే కుట్టి వదిలేస్తే ఆ రోజు తేడా కనబడదు. వాపు పట్టి ఉంచుతుంది. వాపు తగ్గాక గడ్డం మెత్తటి భాగం ఎముక మీంచి కిందికి జారుతుంది, పెదవి దిగుతుంది, నోరు ఊరికే ఉన్నా కింది పళ్లు కనబడతాయి. ఎముక ఎక్స్‌రేలో అద్దంలా ఉంటుంది, ముఖం మాత్రం ముసలిగా కనిపిస్తుంది. తర్వాత సరిచేయడం మొదటిసారి కంటే చాలా కష్టం, మచ్చ కణజాలంలో కండరం వెతుక్కోవాలి.

అందుకే గడ్డానికి పట్టీ వేస్తారు. సాగే అంటుపట్టీ పెదవి కింద గుంటలో ఒకటి అడ్డంగా, గడ్డం కింద నుంచి పైకి ఎత్తుతూ ఇంకొకటి, 3 నుంచి 5 రోజులు. మగవాళ్లు ముందురోజు నున్నగా షేవ్ చేసుకోవాలి, లేకపోతే పట్టీ పట్టదు. ఇంకో మాట, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి: కుట్లు ఎలా ఉన్నాయో చూద్దామని పెదవిని కిందికి లాగొద్దు. ఆ ఒక్క లాగుడు కండరం కుట్టు మీద పడుతుంది. చూసుకోవాలంటే అద్దం ముందు నోరు తెరిచి, టార్చి వేసి చూడండి.

మత్తు_మాట · మంగళవారం, మధ్యాహ్నం 12:20

మత్తు వైపు నుంచి. ఒక్క జీనియోప్లాస్టీకి కోత నుంచి కుట్టు దాకా సుమారు గంట, గంటన్నర. ఎక్కువగా జనరల్ అనస్తీషియాలోనే, గొట్టం ముక్కులోంచి. నోట్లోంచి పెడితే పెదవి ఒక పక్కకి లాగబడి మధ్యగీత చూసుకోవడం కష్టం. ముక్కు దూలం వంకర, తరచూ ముక్కు రక్తం, సైనస్ ఉంటే ముందే చెప్పండి. ఘనాహారం 6 గంటల ముందు ఆపాలి, నూనె భోజనమైతే 8. మంచినీళ్లు 2 గంటల ముందు దాకా సరే. "మంచినీళ్లు" అంటే నీళ్లే, కాఫీ కాదు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుని అడగండి. చేపనూనె, వెల్లుల్లి మాత్రలు కూడా రక్తం కారడాన్ని పెంచవచ్చు, వాటినీ చెప్పాలి. ఎముక గట్టిపడడానికి అలెండ్రోనేట్ లాంటి మందు వాడుతుంటే తప్పక చెప్పాలి, దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. సిగరెట్, గుట్కా కనీసం 4 వారాల ముందు మానాలి. లోపలి కుట్లు విడిపోవడానికి పెద్ద కారణం అవే.

మొదటి రాత్రి తల 30 డిగ్రీలు ఎత్తులో పడుకోవాలి. బయట గడ్డం వాచడం మామూలు, రెండో మూడో రోజుకి గరిష్ఠం. నోటి అడుగు, నాలుక కింద వాచడం మాత్రం మామూలు కాదు. నాలుక పైకి లేస్తున్నట్టుండి, మాట ముద్దగా వచ్చి, ఉమ్ము మింగలేకపోతే లోపల రక్తం గూడు కడుతోందని అర్థం. ఊపిరి దారి మూసుకుపోవచ్చు. పొద్దున ఓపీ దాకా ఆగొద్దు, ఫోన్ కోసం ఎదురుచూడొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి. ఈ కారణం వల్లే మొదటి రాత్రి ఆస్పత్రిలో ఉండమంటాను. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆ అరగంట దొరకదు.

రాగిజావ · మంగళవారం, సాయంత్రం 5:40

తిండి సంగతి ఎవరూ రాయలేదు. మొదటి రోజు చల్లటి ద్రవాలే: మజ్జిగ, కొబ్బరినీళ్లు, పలచటి పెసరకట్టు. రెండో రోజు నుంచి రాగిజావ, కానీ పిండి జల్లించి, కాచాక వడకట్టి. పొట్టు రేణువులు కుట్ల మధ్య ఇరుక్కుంటాయి. ఇదే కారణంతో తాలింపు వద్దు. పెరుగన్నం మెత్తగా ఉంది కదా అని తింటారు, అందులో ఆవగింజ ఒక్కటి పెదవి లోపలి కుట్టు కింద దూరితే పుక్కిలించినా రాదు. అక్కడ చీము చేరవచ్చు. బిసిబేళె బాత్, ఉప్మా రెండు వారాలు పక్కన పెట్టండి.

వేడి విషయంలో ఒక జాగ్రత్త. పెదవికి స్పర్శ లేదు కాబట్టి ఫిల్టర్ కాఫీ కాల్చినా తెలియదు. పై పెదవికో, ముంజేతికో తగిలించి చూసి తాగండి. స్ట్రా వద్దు, పీల్చేటప్పుడు కండరం బిగుస్తుంది. చెంచాతో పోసుకోండి. రెండు వారాలకి మెత్తటి అన్నం, ఇడ్లీ. కోడుబళె, జంతికలు, చెరకు, ముందుపళ్లతో కొరికే జామకాయ 6 వారాలు వద్దు.

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం, 10 మి.లీ., రోజుకి రెండుసార్లు. పేస్టుతో తోమిన వెంటనే కాదు, అరగంట ఆగి; పేస్టులో నురుగు మందు దాని పని తగ్గిస్తుంది. ఉధృతంగా పుక్కిలించకండి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచితే చాలు. రెండు వారాలు దాటితే పళ్లకి గోధుమ మరక పడుతుంది.

బిల్లు_లెక్క · మంగళవారం, రాత్రి 9:05

డబ్బు వైపు. అందం కోసం చేసే సర్జరీ ఆరోగ్య బీమాలో రాదు. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ప్రామాణిక మినహాయింపుల్లోనే అది ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణం, లేదా ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ఉన్న ముప్పు తొలగించడానికి వైద్యపరంగా అవసరం అని డాక్టరు ధ్రువీకరిస్తే వేరు. జీఎస్టీ కూడా అంతే. వైద్య సేవలకి ఉండే మినహాయింపు సౌందర్య సర్జరీకి లేదు, కానీ పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదల లోపం, గాయం వల్ల అయితే ఉంది. కాబట్టి ప్రిస్క్రిప్షన్ మీద రోగ నిర్ధారణ నిజంగా ఏదో అదే స్పష్టంగా రాయించుకోండి. "చిన్ కరెక్షన్" అని ఊరికే రాస్తే బీమావాళ్లు ఆ మాట మీదే తిప్పి పంపుతారు. లేని జబ్బు రాయించడం మాత్రం వద్దు, ఎక్స్‌రే అడుగుతారు.

ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు విడివిడిగా అడగండి: సర్జన్ ఫీజు, మత్తు ఫీజు, థియేటర్, ప్లేటూ స్క్రూల ధర, ఒక రాత్రి గది, స్కాన్లు, మళ్లీ చేయాల్సి వస్తే ఎవరు భరిస్తారు. ప్యాకేజీలో ప్లేటు ఉండదని డిశ్చార్జి రోజు తెలియడం మంచిది కాదు.

ఎవరి దగ్గరికి అంటే, ఎండీఎస్ ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ (నోరు, దవడ, ముఖం) సర్జరీ చేసినవాళ్లు, లేదా ఎంసీహెచ్, డీఆర్‌ఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చేసినవాళ్లు. మొదటివాళ్ల నమోదు కర్ణాటక స్టేట్ డెంటల్ కౌన్సిల్లో, రెండోవాళ్లది కర్ణాటక మెడికల్ కౌన్సిల్లో చూసుకోవచ్చు. ఖర్చు భారమైతే కె.ఆర్. మార్కెట్ దగ్గర, విక్టోరియా ఆస్పత్రి పక్కన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడి మాక్సిల్లోఫేషియల్ విభాగంలో ముందు ఓపీ చీటీ తీసుకుని చూపించుకోండి. సమ్మతి పత్రం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటే, తెలుగులో చెప్పించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

జయనగర్_జాబు · బుధవారం, ఉదయం 8:10

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. సర్జరీ అయిన ఆరు వారాలకి దవడ అడుగు అంచున రెండు పక్కలా వేలికి గుంటలాగా, మెట్టులాగా తగిలితే అది చెడిపోయినట్టా?

ఎముకపని · బుధవారం, ఉదయం 9:00

ముందు అది ఎక్కడుందో చూడాలి. కోత వెనక చివర, అంటే మొదటి పెద్ద దవడ పన్ను కింద తగిలితే, ముక్క ముందుకు జరిగినప్పుడు వెనక మిగిలిన మెట్టు అది. ఎంత ముందుకు తెస్తే అంత ఉంటుంది. ఎముక అంచులు నెలల మీద అరిగి నున్నబడతాయి, కాబట్టి 6 నుంచి 12 నెలల దాకా ముట్టుకోరు. అదే గుంట ముందుకు, చిన్న దవడ పళ్ల కింద ఉండి, పక్కనుంచి చూసేవాళ్లకి కూడా గడ్డం నడుము పట్టినట్టు కనిపిస్తే కోత పొట్టిగా ఆపేశారని అర్థం. అది దానంతట పూడదు. ఏడాది ఆగి, అంచు గీయడమో, అక్కడ మాత్రం నింపడమో చేస్తారు.

ఆరు వారాలకి ఒక్క పక్కనే తగులుతూ, నమిలినప్పుడు అక్కడే నొప్పి, లేదా ముక్క కదిలినట్టు అనిపిస్తే సంగతి వేరు. స్క్రూ వదులైందేమో చూడాలి. ఓపీజీ (దవడలన్నీ ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే) ఒకటి, పక్కవాటం ఎక్స్‌రే ఒకటి తీయించి, డిశ్చార్జి రోజు తీసిన ఫిల్ముల పక్కన పెట్టి పోల్చమనండి. ఆ మొదటి ఫిల్ములు ఆస్పత్రిలోనే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని ఉంచుకోండి.